పసిపాపల మధుమేహం: జీవకణంలోని ఒత్తిడి

మధుమేహం మన దేశానికి కొత్త వ్యాధి కాదు. సుశ్రుత సంహితలో ఆ పేరుతోనే దాని వర్ణన కనిపిస్తుంది. యునానీ వైద్యులు దానిని జియాబీతస్ అన్నారు. ఆ మాట గ్రీకు భాషనుండి అరబ్బీకి, అక్కడనుండి ఫారసీ, ఉర్దూ భాషలకు వచ్చినది. త్రాగిన నీరు త్రాగినట్లే శరీరం గుండా దాటిపోతున్నదన్న భావమే ఆ పేరుకు మూలం. కృష్ణా తీరపు పల్లెలలో దానిని చక్కెర జబ్బు అంటారు. నేడు ఒట్టి 'షుగరు' అన్నా చాలును. పేరు ఏదైనా మన మనస్సులో ఆ వ్యాధికి ఒక రూపం ఏర్పడి ఉన్నది: నడివయస్సు, స్థూలకాయం, మూడు పూటల తెల్లని వరియన్నం, ఒంటికి శ్రమ లేకపోవడం.

అయితే పుట్టి రెండు నెలలు నిండని పసిబిడ్డకు మధుమేహం వచ్చినదనుకొందాము. ఆ బిడ్డ అన్నం ముద్ద ఎరుగదు, మిఠాయి ఎరుగదు. తల్లిపాలు తప్ప మరేమీ తీసుకొనలేదు. అట్టి సమయంలో ఇంటిలోని వారి చూపు సహజంగా తల్లిమీదికి పోతుంది. "కడుపుతో ఉన్నప్పుడు ఏమి తిన్నావు?" అని అత్తగారు అడుగుతుంది. దిష్టి తగిలినదని ఒకరు, పాలు పడలేదని మరొకరు అంటారు. బిడ్డ వ్యాధికి తోడు తల్లికి అపనింద కూడా కలుగుతుంది.

ఆ నింద ఎంత నిరాధారమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. మేము తెలుగు భాషాసాహిత్యాలు బోధించేవారమే కాని వైద్యులము కాము. అయినను శాస్త్ర విషయాన్ని మాతృభాషలో చెప్పుకొనలేకపోతే ఆ శాస్త్రం మన యిండ్ల గడప దాటి లోనికి రాదన్న నమ్మకంతో దీనిని వ్రాస్తున్నాము.

ఇన్సులిన్ తయారయ్యే విధానం

మన కడుపులో జీర్ణాశయానికి వెనుకగా క్లోమం అనే గ్రంథి ఉన్నది. అందులో అక్కడక్కడ దీవులవలె లాంగర్‌హాన్స్ పుటికలు అనే కణసమూహాలు ఉన్నవి. వాటిలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారుచేస్తాయి. రక్తంలోని చక్కెరను కండరాలు, కొవ్వు కణాలు లోనికి తీసుకొనేటట్లు చేసేది ఈ ఇన్సులినే. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ మొదలైనవారు దానిని వేరుచేసినారు. 1922 జనవరిలో మొదటిసారిగా ఒక బాలునికి సూదిమందుగా ఇచ్చినారు. అంతవరకు చిన్నవయస్సులో ఈ వ్యాధి వచ్చినదంటే మరణమే.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. అమైనో ఆమ్లాలు అనే పూసలను దండగా గ్రుచ్చితే మాంసకృత్తు అవుతుంది. ఏ పూస తరువాత ఏ పూస రావలెనో నిర్ణయించేది జన్యువు. మొదట తయారయ్యే దండలో 110 పూసలు ఉంటాయి. దాని తలభాగం తెగిపోగా 86 మిగులుతాయి. 1967లో అమెరికా శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ స్టైనర్ గుర్తించిన ప్రోఇన్సులిన్ ఇదే. మధ్యభాగం కూడా తెగిపోయిన తరువాత, 21 పూసల పేట ఒకటి, 30 పూసల పేట ఒకటి, వెరసి 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ సిద్ధమవుతుంది. ఈ అమరికను విప్పి చెప్పిన ఫ్రెడరిక్ శాంగర్‌కు 1958లో నోబెల్ బహుమానం లభించినది.

దండ గ్రుచ్చినంత మాత్రాన పని ముగియదు. అది సరిగా మడతపడవలెను. ఆరు సిస్టీన్ పూసలు రెండేసి చొప్పున కలిసి మూడు గంధకపు వంతెనలు ఏర్పడవలెను. ఏ పూసకు ఏ పూస జత కావలెనో అదే జత కావలెను. ఒక గుండీ తప్పితే చొక్కా అంతా వంకరయైనట్లు, ఒక జత తప్పితే మాంసకృత్తు అంతా వికృతమవుతుంది.

ఈ మడతలు పడే చోటు కణంలోని అంతర్జీవ ద్రవ్యజాలం. సన్నని పొరలతో, గొట్టాలతో అల్లిన వల వంటి నిర్మాణమది. అక్కడ మడతలను సరిచూసే సహాయక మాంసకృత్తులు కూడా ఉంటాయి. సరిగా మడతపడినదానిని ముందుకు పంపుతాయి. పడనిదానిని వెనుకకు త్రిప్పి ముక్కలు చేయిస్తాయి. భోజనానంతరం ఒక్కొక్క బీటా కణం నిమిషానికి సుమారు పది లక్షల ప్రోఇన్సులిన్ అణువులను తయారుచేయగలదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. కంటికి కనబడని ఆ కణం ఎంత భారం మోస్తున్నదో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును.

ఒత్తిడి అనగా నేమి?

ఇక్కడ ఒత్తిడి అనగా పరీక్షల ముందు విద్యార్థికి కలిగే మనోవ్యాకులత కాదు. మడతపడవలసిన మాంసకృత్తులు ఎక్కువై, మడతపెట్టే శక్తి చాలక, అంతర్జీవ ద్రవ్యజాలంలో సగం మడతపడిన సరుకు పేరుకుపోవడమే జీవకణపు ఒత్తిడి.

డెల్టావాసులకు దీనిని కాలువ పోలికతో చెప్పవచ్చును. 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి నిర్మాణం పూర్తియైనది. అక్కడనుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మొదలైనవి పొలాలకు నీరు తీసుకొనిపోతాయి. కాలువకు ఒక మేర ఉన్నది. ఆ మేరకు మించి నీరు వచ్చినా, లోపల గుర్రపుడెక్క పెరిగి దారి మూసుకొన్నా, గట్టుకు ప్రమాదం. అప్పుడు నీటిపారుదల శాఖవారు చేసే పనులు మూడు. తలతూము దించి వచ్చే నీటిని తగ్గిస్తారు. గట్లు బలపరుస్తారు. పేరుకొన్న గుర్రపుడెక్కను తీయిస్తారు.

జీవకణం చేసే పనులు కూడా ఇవే. ద్రవ్యజాలపు పొరలో ముగ్గురు కావలివారు ఉన్నారు. పెర్క్ అనేది తలతూము దగ్గరి లస్కరు వంటిది. సరుకు పేరుకొన్నదని తెలియగానే కొత్త మాంసకృత్తుల తయారీని తాత్కాలికంగా తగ్గిస్తుంది. ఎ.టి.ఎఫ్.-6, ఐ.ఆర్.ఇ.-1 అనే తక్కిన రెండు కేంద్రకానికి కబురు పంపి, మడతలకు సాయపడే మాంసకృత్తులను హెచ్చుగా చేయిస్తాయి. చెడిన సరుకును తొలగించే ఏర్పాట్లు పెంచుతాయి. ఈ కబురు ఎట్లు పోతున్నదో కనుగొన్న జపాను శాస్త్రజ్ఞుడు కజుతోషి మోరి, అమెరికాలో పనిచేసిన పీటర్ వాల్టర్ 2014లో లాస్కర్ బహుమానం పంచుకొన్నారు.

అయితే ప్రతి కాలువకూ ఒక హద్దు ఉన్నది. 2024 సెప్టెంబరులో బ్యారేజిపై 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చిన రోజులలో, మరొక ప్రక్క బుడమేరు పొంగి విజయవాడలోని పేటలకు పేటలు మునిగిపోవడం మనం చూచినాము. కణంలో కూడా ఒత్తిడి ఎంతకూ తగ్గకపోతే, ఏ కావలివారు కణాన్ని రక్షించవలెనో వారే చివరకు దాని మరణానికి ఆజ్ఞ ఇస్తారు. కణం తనంతట తాను నశిస్తుంది. బీటా కణాలు ఇట్లు ఒక్కొక్కటి రాలిపోతే మిగిలేది మధుమేహమే.

మూడు ముద్రారాక్షసాలు

పుస్తకంలో ఒక్క అక్షరం మారితే అర్థం తారుమారు కావడం మనకు తెలుసు. దానిని ముద్రారాక్షసం అంటాము. జన్యువులో జరిగే అట్టి మార్పును శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనం అంటారు. ఒక్క జన్యువులోని మార్పువలన పై ఒత్తిడి కలిగి మధుమేహం వచ్చే సందర్భాలలో ముఖ్యమైనవి మూడింటిని చూద్దాము.

మొదటిది ఇన్సులిన్ జన్యువులోనే కలిగే దోషం. జపానులోని అకిటా నగరం పేరుతో ప్రసిద్ధమైన ఒక ఎలుకల జాతికి చిన్ననాటనే మధుమేహం వస్తుంది. వాటి ప్రోఇన్సులిన్‌లో సిస్టీన్ ఉండవలసిన ఒక చోట టైరోసిన్ వచ్చి చేరినదని 1999లో తెలిసినది. జత పోయిన రెండవ సిస్టీన్ ఒంటరిగా మిగిలి, మడత చెడిపోతున్నది. 2007లో ఇట్టి దోషాలే పసిబిడ్డలలోనూ కనిపించినవి. ప్రతి మనిషికి ఇన్సులిన్ జన్యువు ప్రతులు రెండు: తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి. ఒక ప్రతి బాగున్నది గదా, సగం ఇన్సులిన్ అయినా రావలెను గదా అని మీరు అడుగవచ్చును. గుర్రపుడెక్క కాలువను మూసివేసినప్పుడు మంచినీరు కూడా ఆగిపోయినట్లే, చెడిన ప్రోఇన్సులిన్ మంచిదానిని కూడా తనతో చిక్కుపరచి, చివరకు కణాన్నే చంపుతున్నది. మరొక ముఖ్య విషయం: ఈ దోషం చాలమంది బిడ్డలలో కొత్తగా పుట్టినదే. తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు. ఇక నింద ఎవరిమీద వేయగలము?

రెండవది లస్కరే లేకపోవడం. 1972లో వోల్కాట్, రాల్లిసన్ అనే వైద్యులు ఒకే కుటుంబంలోని తోబుట్టువులలో పసితనపు మధుమేహాన్ని, దానితోపాటు ఎముకల పెరుగుదలలో లోపాన్ని వర్ణించినారు. పెర్క్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతులలోనూ చెడిపోవడమే దీనికి కారణమని 2000లో తేలినది. తలతూము దించేవారు లేనందున ఎంత సరుకు పేరుకొన్నా కొత్త సరుకు వస్తూనే ఉంటుంది. సామాన్యంగా మొదటి ఆరు నెలలలోనే బీటా కణాలు నశిస్తాయి. ఎముకలు సరిగా పెరగవు. మామూలు జ్వరం వచ్చినప్పుడు కూడా కాలేయం హఠాత్తుగా దెబ్బతినవచ్చును. కనుక ఇట్టి బిడ్డకు జ్వరం వస్తే ఇంటివైద్యంతో కాలం గడపరాదు.

మూడవది వుల్ఫ్రామ్ వ్యాధి. 1938లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వుల్ఫ్రామ్, వాగెనర్ ఎనిమిదిమంది తోబుట్టువులలో నలుగురికి మధుమేహము, చూపు మాంద్యము కలిసి రావడం గమనించినారు. దీనికి కారణమైన జన్యువు 1998లో తెలిసినది. దాని మాంసకృత్తు ద్రవ్యజాలపు పొరలోనే ఉండి, అందులోని కాల్షియంను నిలకడగా ఉంచుతుంది. కావలివారు అనవసరంగా అలజడి చేయకుండా అదుపు చేస్తుంది. అది లోపిస్తే బీటా కణాలతోపాటు నాడీకణాలు కూడా క్షీణిస్తాయి. సామాన్యంగా ఆరేండ్ల ప్రాయంలో మధుమేహం, పదకొండేండ్ల ప్రాయంలో దృక్ నాడి క్షీణత కనిపిస్తాయి. కొందరికి చెవుడు, అతిమూత్రం కూడా కలుగుతాయి. మధుమేహంవలన కంటి తెరపై వచ్చే మార్పులు వేరు, ఈ దృక్ నాడి క్షీణత వేరు. చక్కెర జబ్బు ఉన్న పిల్లవాడు నల్లబల్లపై అక్షరాలు కనబడటం లేదంటే, కండ్లజోడు మార్చి ఊరకుండక నేత్రవైద్యునిచేత దృక్ నాడిని చూపించవలెను.

ఈ పట్టిక ఇంతటితో ముగియలేదు. 2025లో ఇంగ్లండులోని ఎక్సెటర్, బెల్జియంలోని బ్రస్సెల్స్ నగరాల పరిశోధకులు టి.ఎం.ఇ.ఎం. 167-ఎ అనే జన్యువులోని దోషాన్ని ఆరుగురు పిల్లలలో గుర్తించినారు. వారికి పసితనంలోనే మధుమేహం వచ్చినది. చాలమందికి మూర్ఛలు, తల చిన్నదిగా ఉండటం కూడా తోడైనవి. మూలకణాలనుండి ప్రయోగశాలలో బీటా కణాలను పెంచి, ఆ దోషం ఒత్తిడిని కలిగించి కణాన్ని చంపుతున్నదని వారు చూపినారు.

మేనరికం ప్రశ్న

వోల్కాట్–రాల్లిసన్, వుల్ఫ్రామ్ వ్యాధులు సామాన్యంగా రెండు ప్రతులూ చెడితేనే వస్తాయి. ఒక్క ప్రతి మాత్రమే చెడినవారు వాహకులు. వారిలో చాలమంది ఆరోగ్యంగానే ఉంటారు. తమలో దోషం ఉన్నట్లే ఎరుగరు. వాహకులైన ఇద్దరు వివాహమాడితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురు క్షేమమని అర్థం కాదు; ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటినుండే.

ఇక్కడ మన వివాహ సంప్రదాయం ముందుకు వస్తుంది. హిందువులలో మేనరికాలు, అక్క కూతురిని చేసుకొనడం ఉన్నవి. ముస్లిములలో చిన్నాన్న, పెద్దనాన్న, పినతల్లుల బిడ్డలను కూడా చేసుకొంటారు. మాగాణి చేయి దాటకూడదన్న ఆలోచన, ఎరిగిన యింటిలో పిల్ల సుఖపడుతుందన్న ధీమా దీనికి కారణాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగింట ఒక వివాహం రక్తసంబంధీకుల మధ్య జరిగినదే.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారు మన తెలుగునాట ఆనాడే ఉన్నారు. పిఠాపురంలో జన్మించి, ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ వద్ద శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, డాక్టరు పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై 1960లోను, 1963లోను పరిశోధన పత్రాలు ప్రకటించినారు. మీరాఖాన్ తరువాత హాలండులోని లైడెన్‌లో జన్యుశాస్త్రజ్ఞులుగా పనిచేసినారు. మా విద్యార్థులు ఈ రెండు పేర్లను గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము.

లెక్క ఇట్లు ఉన్నది. అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెండ్ర బిడ్డలు, మేనబావ మరదండ్రు తమ జన్యువులలో సగటున ఎనిమిదవ వంతు ఉమ్మడిగా కలిగి ఉంటారు. మేనమామ, మేనకోడలు నాలుగవ వంతు కలిగి ఉంటారు. కనుక ఒకరు ఒక అరుదైన దోషానికి వాహకులైతే రెండవవారు కూడా అదే దోషానికి వాహకులయ్యే అవకాశం, పరాయి సంబంధంలోకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తసంబంధ వివాహాలు హెచ్చుగా ఉన్న సమాజాలలో, శాశ్వతంగా నిలిచే పసితనపు మధుమేహానికి వోల్కాట్–రాల్లిసన్ వ్యాధే అన్నిటికంటె తరచైన జన్యుకారణమని తేలడం ఇందువల్లనే.

దీనిని తూకం తప్పకుండా గ్రహించవలెను. దగ్గరి సంబంధాలవారి బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యవంతులే. పరాయి సంబంధమైనంత మాత్రాన భయం లేదనీ కాదు. ఒకే కులంలో తరతరాలుగా పెండ్లిండ్లు జరిగితే దూరపువారికి కూడా పూర్వీకులు ఉమ్మడి కావచ్చును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాలలో 81 సమూహాలలో ఇట్టి లక్షణం చాల బలంగా ఉన్నట్లు తేలినది. కనుక ఇది ఒక మతానికో ఒక కులానికో అంటగట్టే నింద కాదు. పెండ్లికి ముందు వంశంలో పసితనంలోనే పోయిన బిడ్డలు ఎవరైనా ఉన్నారా, వారికి ఏమి జబ్బు చేసినది అని కట్నకానుకల సంగతికంటె ముందుగా అడిగి తెలిసికొనడం ఇరుపక్షాల ధర్మం.

తెలిసికొన్నందున ప్రయోజనం

జన్యుదోషమంటే తలవ్రాత గదా, తెలిసికొని చేసేదేమున్నది అని కొందరు అంటారు. అది సరికాదు. పసితనపు మధుమేహం సుమారు లక్ష కాన్పులకు ఒకటిగా కనిపించే అరుదైన వ్యాధి. కాని దాని కారణాలు అన్నీ ఒకటి కావు. కొందరు శిశువులలో బీటా కణం బ్రతికే ఉంటుంది, ఇన్సులిన్ తయారయ్యే ఉంటుంది. దానిని బయటికి విడిచే పొటాషియం ద్వారం మాత్రం మూసుకొనదు. ఈ దోషం 2004లో తెలిసినది. అట్టివారిలో చాలమందికి సూదిమందు మాని గ్లైబెన్‌క్లమైడ్ జాతి మాత్రలతోనే చికిత్స చేయవచ్చునని 2006లో నిరూపితమైనది. రోజూ సూది గుచ్చించుకొనవలసిన బిడ్డ మాత్రతో పెరుగుతున్నదంటే ఆ యింటికి అంతకంటె వరం ఏమున్నది? మరొక అరుదైన దోషంలో విటమిన్ బి-1 కణంలోనికి పోలేక రక్తహీనత, చెవుడు, మధుమేహం కలుగుతాయి. దానికి ఆ విటమినునే పెద్ద మోతాదులో ఇస్తే రక్తహీనత చక్కబడుతుంది, చక్కెర కూడా కొంత అదుపునకు వస్తుంది.

ఒత్తిడివలన కణాలు నశించిన బిడ్డలకు ఇన్సులిన్ తప్పనిసరి. వుల్ఫ్రామ్ వ్యాధిలో ఒత్తిడిని తగ్గించే మందులపై విదేశాలలో పరీక్షలు జరిగినవి, ఇంకను జరుగుతున్నవి. వ్యాధిని పూర్తిగా మాన్పే మందు మాత్రం ఇంకా రాలేదు. అయినను ఏ దోషమో తెలిస్తే కాలేయాన్ని, కంటిని, చెవిని ముందునుండి కనిపెట్టి చూడవచ్చును. తరువాతి కాన్పు విషయంలో తల్లిదండ్రులు వైద్యుని సలహా పొందవచ్చును.

అందుచేత ఆరు నెలలలోపు మధుమేహం కనిపించిన ప్రతి బిడ్డకూ జన్యుపరీక్ష చేయించవలెనని అంతర్జాతీయ వైద్యసంఘాలు సూచిస్తున్నవి. ఇందుకు కావలసినది కొద్దిపాటి నెత్తురు మాత్రమే. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇట్టి శిశువుల జన్యువులపై పరిశోధనలు చేసినది. జన్యువ్యాధుల నిర్ధారణకు హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. అనే కేంద్ర సంస్థ ఉన్నది. విజయవాడకు ఈ రెండూ ఒక రాత్రి ప్రయాణం దూరమే.

ముగింపు

ఈ అరుదైన వ్యాధుల పరిశీలన కొద్దిమంది పసిబిడ్డలకు మాత్రమే పనికివచ్చేది కాదు. స్థూలకాయంవలన ఇన్సులిన్ అవసరం పెరిగినప్పుడు, పెద్దవారి బీటా కణాలు కూడా శక్తికి మించి పనిచేయవలసివస్తుంది. సాధారణ మధుమేహంలోనూ ఈ ఒత్తిడికి పాత్ర ఉన్నదని పరిశోధనలు సూచిస్తున్నవి. ఆ బిడ్డలవలన తెలిసినది రేపు మనందరికీ ఉపయోగపడవచ్చును.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు త్వరలో గృహస్థులు కాబోతున్నారు. మీ యింటిలోనో, ఇరుగుపొరుగునో పసిబిడ్డ పాలు త్రాగుతున్నా చిక్కిపోతుంటే, పదే పదే మూత్రం పోస్తూ డస్సిపోతుంటే, ఆయాసపడుతుంటే, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోయి రక్తంలో చక్కెర చూపించండి. మధుమేహమని తేలితే జన్యుపరీక్షను గురించి వైద్యుని అడగండి. ఆ సమయంలో ఎవరైనా బిడ్డ తల్లిని వ్రేలెత్తి చూపితే, అది ఆమె తిన్న తిండివలన వచ్చినది కాదనీ, కంటికి కనబడని కణంలో ఒక్క అక్షరం మారినందున వచ్చినదనీ మన భాషలో వారికి విడమరచి చెప్పండి. చదువుకొన్నవారు ఆ యింటికి చేయగల మొదటి ఉపకారం అదే.